అంచు ముక్క

రోజంతా బట్టల దుకాణంలో చొక్కాలు మడతపెట్టే కోడలికి సెలవు రెండు రోజులూ మళ్లీ మడతలతోనే సరిపోయింది. పొరలు పొరలుగా విచ్చుకునే ఫ్రెంచి రొట్టెలు, క్రోసాంట్లు చేసి తీరాలని పంతం పట్టింది మరి. పిండి వత్తి, మధ్యలో వెన్న పలక పెట్టి మడిచి, గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి, తీసి, మళ్లీ వత్తి మడిచింది. అలా నాలుగుసార్లు. ఒళ్లు హూనమైంది. అయినా అంచున చిన్న ముక్క కోసి చూస్తే, పుస్తకంలో కాగితాల్లా పొరలు! ఆ ముక్కను పళ్లెంలో పెట్టి, సంబరంగా స్నానానికి వెళ్లింది.

వచ్చేసరికి అత్తగారు మోచేతుల దాకా పిండితో నిలబడి ఉంది.

“వెన్న సరిగ్గా కలవలేదే అమ్మాయ్, అంతా చారలు చారలుగా ఉంది. బాగా పిసికి కలిపేశాలే. చూడు, ఎంత నున్నగా వచ్చిందో!”

తిడదామంటే ఆవిడ చేసింది ఉపకారమాయె. కోడలు ఆ ముద్దనే ముక్కలు చేసి చుట్టి, అంచు ముక్కను కూడా ట్రేలో ఓ మూలన పెట్టి కాల్చింది. పొరా లేదు, పాడూ లేదు. గట్టి బన్నులొచ్చాయి.

భర్త లొట్టలేస్తూ రెండు లాగించాడు. “ఎంతైనా అమ్మ చెయ్యి పడితే ఆ రుచే వేరు.”

“దానికీ వస్తుందిలేరా, నేర్చుకుంటుంది,” అంది అత్తగారు పెద్దమనసుతో.

వంటింట్లో ట్రే మూలన అంచు ముక్క ఒక్కటే పువ్వులా విచ్చుకుని ఉంది. కోడలు గోడవైపు తిరిగి నోట్లో వేసుకుంది. కరకరలాడింది.

“ఏంటి నములుతున్నావ్?” అన్నాడు భర్త.

“మాడిన ముక్క లెండి.”