రిజిస్టరులో భద్రంగా ఉన్న నేను

నేను ఒక కోబాల్ట్ ముక్కను. చిటికెన వేలి కొస అంత ఉంటాను. అణు రియాక్టరులో పెట్టి నాలో ఈ మంట రగిలించారు. అప్పటినుంచి నాకు క్షణం కుదురు లేదు. కంటికి కనబడని కిరణాలు చిమ్ముతూనే ఉంటాను. ఆపడం నా వశంలో లేదు. అందుకే సీసపు పెట్టెలో బిగించి, మీద ఇంగ్లిషులో హెచ్చరిక రాసి, విశాఖ దగ్గర ఒక ఫ్యాక్టరీకి పంపారు. ట్యాంకులో ద్రవం ఎంత మట్టాన ఉందో కనిపెట్టడం అక్కడ నా పని.

నా కోసం ప్రభుత్వం చాలా నిబంధనలు రాసింది. ఏటా తనిఖీ చెయ్యాలి, పని తీరాక తిరిగి అప్పగించాలి. కొన్నాళ్లకు ఫ్యాక్టరీ మూతపడింది. "ఉన్నదా?" అని ప్రభుత్వం నుంచి ఉత్తరం వచ్చేది, "ఉన్నది" అని యాజమాన్యం జవాబు వెళ్లేది. వచ్చి చూసినవాళ్లు లేరు. ఒకరోజు యంత్రాలతోపాటు నన్నూ పాత ఇనుము కింద అమ్మేశారు.

పాత ఇనుప కొట్టులో సామాను వేరుచేసే పైడితల్లి, సీసం కోసం పెట్టె పగలగొట్టింది. తళుక్కుమన్న నన్ను వేళ్లతో తుడిచి, ముచ్చటపడి బొడ్డున దోపుకుంది. మర్నాటికి వాంతులు. మూడోనాటికి వేళ్లు బొబ్బలెక్కాయి, నడుం కమిలింది. నేను తగిలినచోటే కాలిందని ఆమే పోల్చుకుంది. నన్ను ఖాళీ డ్రమ్ములో పడేసి, పనివాళ్లందరినీ రోడ్డు మీదికి తరిమింది.

కొట్టు యజమాని అప్పలకొండ మండిపడ్డాడు. "పిచ్చెక్కిందేటే? కొలిమికి లోడు ఎల్లాల!"

"ఎల్లనివ్వను బాబూ. అందులో ఏటో ఉంది. నన్ను కాల్చినట్టు మరొకల్ని కాల్చనివ్వను."

పోలీసులు వచ్చేదాకా ఆమె గేటుకు అడ్డంగా కూర్చుంది. పగిలిన పెట్టె మీది హెచ్చరిక చదివి వాళ్లు కబురు పెడితే, కిరణాలు కొలిచే మీటరుతో అణు భద్రతాధికారి వాసుదేవమూర్తి వచ్చాడు. గేటు దగ్గరే మీటరు గోలపెట్టింది. అతను కాగితాలు తిరగేసి తెల్లబోయాడు.

"రికార్డు ప్రకారం ఇది ఫ్యాక్టరీలోనే ఉందమ్మా."

"మరి నా సేతులు కాల్చిందేటి బాబూ?"



నన్ను కొత్త పెట్టెలో పెట్టి కాంక్రీటు గోతిలో దింపుతున్నప్పుడు మూర్తి తోటి అధికారితో చెబుతుంటే విన్నాను.

"నిన్న ఆస్పత్రిలో ఆవిడ వాంగ్మూలం తీసుకున్నాను. చదివి వినిపించి, వేలిముద్ర వెయ్యమన్నాను. కట్లు కట్టిన రెండు చేతులూ ఎత్తి చూపించి, 'ఏ ఏలు బాబూ?' అంది."

మూత పడింది. నేనింకా మండుతూనే ఉన్నాను.