కట్టకు తగలని తూటా

మణుగూరు అవతల రైతు ముత్యాలు మొక్కజొన్న చేలో అడవిపందులు పడ్డాయి. ఆ పంట కొనేది నేనే. వాటిని కాల్చడానికి పంచాయతీ అనుమతిచ్చింది. ఆ చుట్టుపక్కల లైసెన్సు రైఫిల్ ఉన్నదీ నాకే. చేను నిలిస్తే ఇద్దరికీ లాభమని లెక్కేసుకుని వెళ్లాను.

ముందు గురి సరిచూసుకోవాలి. చేను చివర మట్టికట్ట మీద ముత్యాలు సున్నంతో చుక్క పెట్టాడు. రైఫిల్ మీది దుర్భిణి, అదే స్కోప్, అందులోని గీతలు దాని మీద నిలిపి కాల్చాను. తూటా చుక్కకు ఎడమగా దిగింది. త్రాసు ఒక పక్కకు మొగ్గితే రెండో పక్క చిన్న రాయి పాసంగంగా కడతాం. నా బతుకంతా చేసిన పని అదే. ఇక్కడా అదే చేశాను, స్కోప్ మీద గురి జరిపే నాబ్‌ను కుడివైపుకు తిప్పాను.

మళ్లీ కాల్చాను. కట్ట మీద దుమ్ము లేవలేదు. కుడిపక్క చేలో ఆకులు చిరిగిన చప్పుడైంది.

"ఎర్రమ్మ గటే పోయింది సేటు," అన్నాడు ముత్యాలు. "గడ్డి కోస్తనని."

"వాగు దగ్గరకు పంపానన్నావు కదయ్యా?"

"పంపిన. అది నా మాట ఏనాడు విన్నది?"

నవ్వబోయాడు, నవ్వు రాలేదు. భార్యను గట్టిగా పిలిచాడు. జవాబు లేదు. మళ్లీ పిలిచాడు.

రైఫిల్ దించబోయి స్కోప్ పట్టుకున్నాను. అది చేతిలో కదిలింది. అడవిదారి కుదుపులకు దాన్ని పట్టి ఉంచే మరలు వదులయ్యాయి. చూడాల్సింది వాటిని, నేను తిప్పింది నాబ్‌ని.

సరుకు తడిస్తే వచ్చే ఏడు పూడ్చుకోవచ్చు. ఇది ఏ ఏడూ పూడదు. రైఫిల్ మళ్లీ పేలకుండా దాని బోల్టు ఊడదీసి జేబులో వేసుకుని, దాన్ని అక్కడే వదిలి, అతని వెనక పరుగెత్తాను.

సాళ్ల మధ్య ఎర్రమ్మ బోర్లా పడుంది. ముత్యాలు వీపంతా తడిమి చూశాడు. నెత్తురు లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి.

"పిలుస్తాంటె పలకవేందే?"

"పలికితే ఏడున్ననో తెలుస్తది గద. మళ్ల కాలుస్తడనుకున్న."

నా చేతులు ఖాళీగా ఉన్నాయి. అయినా ఆమె వాటినే చూస్తోంది.

కాసేపటికి ముత్యాలు గొంతు తగ్గించి అడిగాడు. "మరలు బిగిస్తే అయితది గద సేటు? పొద్దు గూకంగనే పందులొస్తయ్."

స్క్రూడ్రైవర్ బండిలోనే ఉంది.

"తిననీ," అంది ఎర్రమ్మ. "నువ్వు పో సేటు."

రైఫిల్ తీసుకుని బండి దగ్గరకు నడిచాను. వెనక అడవి అంచున ఏదో గుర్రుమంది. నేను తిరిగి చూడలేదు.