రెండో బంతి

"ఆండాళూ, ఈ చెక్క గరిటె వెనక నలుపేమిటి? కూరలోకి దిగితే?" అన్నారు శ్రీవత్స, ఆఫీస్‌కి వెళ్తూ లంచ్ బాక్స్ అందుకుని. అది సిరా. ఎంత తోమినా పూర్తిగా పోదు. వంటకి వేరే గరిటె ఉంది, ఇది నా పనికి అన్నాను. "నీ పనా!" అని నవ్వారు. ఆ నవ్వులో చెడ్డతనం ఏమీ లేదు, అదే నాకు మంట. చెడ్డవాడైతే పోట్లాడొచ్చు. మా అత్తగారైతే ఫోన్‌లో ఇంకా ముద్దుగా అంటారు: "పోనీలే వత్సా, దానికీ పొద్దుపోవాలిగా." నాకు పొద్దుపోకపోవడమా! వంట, లాండ్రీ, మా అమ్మాయి అనన్యని స్కూల్లో దింపడం, వారం వారం ఆయన స్నేహితులకి పార్టీలు. ఇది 2009 సంగతి. హైదరాబాద్‌లో కాలేజీలో పాఠాలు చెప్పినదాన్ని. మొగుడి వెనక వచ్చే హెచ్-ఫోర్ వీసా మీద అమెరికాలో ఈ షాంటిలీ వచ్చాను కనక ఉద్యోగం చెయ్యకూడదు. రోజంతా చేసేదానికి పని అన్న పేరు కూడా లేదు.

గరిటెతో అచ్చు తియ్యడం నేర్పింది మిలాడా. మా వీధి చివర ఒంటరిగా ఉండే చెక్ ముసలావిడ. కథలు రాస్తుంది, రంగులు వేస్తుంది, పలకల మీద బొమ్మలు చెక్కి అచ్చు తీస్తుంది. లైబ్రరీలో ఆవిడ క్లాస్‌కి అనన్యని తీసుకెళ్ళాను. పిల్ల మానేసింది, నేను ఉండిపోయాను. ప్రాగ్‌లో రష్యా ట్యాంకులు దిగాక ఆవిడ కథలు ఎవరూ అచ్చెయ్యకూడదన్నారట. ప్రెస్సులన్నీ ప్రభుత్వానివి. ఆవిడ వంటింట్లో కూచుని, లినోలియం అనే మెత్తటి పలక మీద బొమ్మా కథా కలిపి చెక్కి, సిరా పూసి, కాగితం పరిచి, గరిటె వెనక్కి తిప్పి రుద్దిందట. సోదాకి వచ్చిన పోలీసులు ఇల్లంతా వెతికి గరిటెని మాత్రం వదిలేశారని చెప్పి పడీపడీ నవ్వుతుంది. ఆవిడ నవ్వకుండా చెప్పే సంగతి ఒకటే. మొగుడూ పెయింటరే. ఆవిడ బొమ్మల్ని ఆయన పేరుతో ఎగ్జిబిషన్‌లో వేలాడదీస్తే, సంసారం కదా అని ఊరుకుందట. "పోలీసులు పుస్తకాలు పట్టుకుపోయారు. పేరు మాత్రం ఇంట్లోనే పోయింది," అంది. అమెరికా వచ్చాక, అరవై దాటిన వయసులో మళ్ళీ మొదలుపెట్టింది. ప్రతి బొమ్మ కిందా తన పేరే రాసుకుంది.

నా బొమ్మకి 'రెండో బంతి' అని పేరు పెట్టాను. మా ఇంటి పార్టీయే. మగవాళ్ళు తిని లేచి హాల్లో గ్రీన్‌కార్డుల కబుర్లలో ఉంటే, ఆడవాళ్ళం వంటింట్లో నిలబడి గిన్నెల్లో మిగిలింది తింటున్నాం. కింద నల్లటి నేల, దాని మీద మా ఉత్త పాదాలు. మిలాడా చాలాసేపు చూసి, శనివారం లైబ్రరీలో పెట్టే తన ఎగ్జిబిషన్‌లో దీన్నీ పెడదామంది. అచ్చుబొమ్మకి సంతకం కింద తెల్ల అంచులోనే పెడతారట. పెన్సిల్‌తో నా చేత రాయించింది. ఏ ఫారం కోసమూ కాకుండా నా పేరు నేను రాసుకోవడం ఎన్నాళ్ళకో! ఆ పూటంతా నేల మీద నడిస్తే ఒట్టు.

గురువారం సాయంత్రం శ్రీవత్స ఆ బొమ్మకి ఫ్రేమ్ వేసి గోడకి ఆనించారు. ప్రేమగానే వేశారు. కింద తెల్ల అంచు లేదు.

"ఫ్రేమ్‌లో పట్టలేదు, అందుకని ఆ ఖాళీ కాయితం ట్రిమ్ చేశా. నీట్‌గా ఉంది కదూ?"

"అక్కడ నా పేరుందండీ."

"పేరెందుకు? నువ్వే వేశావని మనందరికీ తెలుసుగా!"

ఒళ్ళు మండిపోయింది. అందరికీ తెలుసు. ఈ ఇంట్లో గిన్నెలు ఎవరు తోముతారో తెలుసు, చివర్న ఎవరు తింటారో తెలుసు. తెలుసు కనకే ఎవరూ పైకి అనరు. అయినా రోజూలాగే అన్నం వడ్డించాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున్నే పలక పట్టుకుని మిలాడా ఇంటికెళ్ళి ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. ఉలి నా చేతికిచ్చింది.

"ఇంకో అచ్చు తీస్తాం, సరే. పేరు మళ్ళీ అంచులోనే పెడతావా?"

పలకకేసి చూశాను. మా పాదాల మధ్య నల్లటి నేల ఇంకా చెక్కకుండానే ఉంది. చెక్కినచోట సిరా అంటక తెల్లగా వస్తుంది. అచ్చులో తిరగబడతాయి కనక అక్షరాలు తిప్పి చెక్కాలి. చెయ్యి జారితే బొమ్మంతా పాడవుతుంది, రేపటికి కొత్తది చెక్కే వ్యవధి లేదు. ఈ చివర నించి ఆ చివర దాకా, పాదాల సందుల్లోంచి చెక్కుకుంటూ పోయాను. సిరా పూసి, రుద్ది, కాగితం ఎత్తితే, నల్లటి నేల మీద తెల్లగా, తెలుగు అక్షరాల్లో నా పేరు! ఇప్పుడు దాన్ని కత్తిరించాలంటే మా అందరి కాళ్ళూ కత్తిరించాలి. నేను కేక పెట్టాను. మిలాడా అంతకన్నా పెద్ద కేక పెట్టింది.

శనివారం లైబ్రరీ నిండిపోయింది. మా ఆయన స్నేహితుడు కృష్ణమోహన్ బొమ్మ ముందు నిలబడి, "ఒరేయ్, ఇది మీ కిచెనే కదరా!" అన్నాడు. వాళ్ళావిడ మనీషా, "ఆ మట్టెల కాలు నాదే!" అని అందరికీ చూపించింది. ఎవరో అమెరికన్ ముసలాయన కింద ఏం రాసుందని అడిగాడు. "అది నేను," అని ఇంగ్లిష్‌లో చెప్పాను. మిలాడా దూరం నించి చూసి చప్పట్లు కొట్టింది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

శ్రీవత్స చాలాసేపు బొమ్మ ముందు నిలబడి, మెల్లగా నా పక్కకొచ్చారు.

"బావుంది ఆండాళూ. నిజంగా బావుంది. కానీ మన ఇంటిపేరు లేదేం? చోటు చాల్లేదా?"

"చోటుందండీ. నేనే పెట్టలేదు."