ట్రాక్ పాడిన మనిషి

“బీన్స్‌లో ఉప్పు తగ్గినట్టుందే” అన్నాడు డోయల్, గిటారు తీగ బిగించుకుంటూ, తలెత్తకుండానే.

ఆర్వెల్లా ఉప్పు వేసింది, కలిపింది, అక్కర్లేకపోయినా మళ్లీ కలిపింది. పొద్దున్నుంచీ ఆ పాత డాన్సు హాలు వెనక వంటగదిలో వాయించేవాళ్లందరికీ, బయట ట్రక్కులో టేపు మిషన్ల ముందు కూర్చుని రికార్డు చేసే విట్‌కీ ఆమే వండుతోంది. చేతులు ఒకచోట ఉండనంటున్నాయి. తుడిచిన బల్లనే తుడుస్తోంది. భోజనాలయ్యాక రికార్డు చేయబోయేది ఆమె పాట. అది ఆమె కట్టిందని ఆమెకీ, మొగుడు డోయల్‌కీ, అత్తగారికీ తప్ప ఎవరికీ తెలియదు. ఇవాళ అతని పాటగా టేపుకెక్కిందంటే ఇంకెప్పటికీ తెలియదు.

డోయల్ రికార్డు కంపెనీలన్నీ ఉండే నాష్‌విల్‌లో కొన్నేళ్లు ఉండి వచ్చాడు. అక్కడ కోట్లు వేసుకున్న పెద్దమనుషులు అతని పాటలకి వయొలిన్లూ కోరస్సులూ తగిలించి, చివరికి అతనే గుర్తుపట్టలేనట్టు చేసి పంపారు. విసిగిపోయి టెక్సాస్ వచ్చేశాడు, జుట్టు పెంచాడు, నచ్చిన మనుషుల్ని పోగేశాడు. ఇప్పుడు చేస్తున్న ఈ ఆల్బమ్‌లో ఒక్కొక్కరూ విడివిడిగా స్టూడియో గాజుగదుల్లో వాయించడాలు లేవు, తర్వాత అతుకులు వేయడాలు లేవు. శనివారం డాన్సుకి వాయించినట్టే అందరూ ఒకే హాల్లో కూర్చుని ఒక్కసారిగా వాయిస్తారు. స్వేచ్ఛ, స్వేచ్ఛ అని ఏడాదిగా ఇంటి ముందుగదిలో చేరి వీళ్లందరిదీ ఒకటే మాట. ఆ స్వేచ్ఛ తాగి పడేసిన సీసాలు పొద్దున్నే ఏరి, పాపని స్కూలుకి దింపి, లాండ్రీలో ఊళ్లోవాళ్ల దుప్పట్లు మడతపెట్టడానికి వెళ్లేది ఆర్వెల్లా. ఆ మాట వింటే ఆమెకి ఒళ్లు మండేది. మండినందుకు మళ్లీ తనమీద తనకే కోపం వచ్చేది, ఎందుకంటే ఆ పాటలు ఆమెకి నిజంగానే ఇష్టం.

ఈ పాట ఆ లాండ్రీలోనే పుట్టింది. ఒకావిడ పని నుంచి ఇంటికి కారులో వస్తూ, తన వీధి మలుపు వస్తే తిరగదు. తిరక్కుండా పోతూనే ఉంటుంది, అంతే పాట. ఇంట్లో అంట్లు తోముతూ పాడుకుంటుంటే డోయల్ గుమ్మంలో నిలబడి “ఇంకోసారి పాడవే” అన్నాడు. ఎంత పొంగిపోయిందో అప్పుడు. ఆ వారమే విట్‌తో “కొత్తదొకటి కట్టాను” అంటుంటే వింది.

“అది నేను కట్టింది కదా” అని అడిగింది, విట్ వెళ్లాక.

“నీదేమిటి నాదేమిటి, మనం వేరా?” అన్నాడు డోయల్. “కవరు మీద నీ పేరు వేస్తే కుర్రాళ్లు నవ్విపోతారు. పెళ్లాం చేత పాటలు రాయించుకుంటున్నాడంటారు.”

బఠాణీలు ఒలుస్తున్న అత్తగారు “దానికే అంత మొహం మాడ్చుకోవాలా? వాడు పాడితేనే కదమ్మా నలుగురూ వినేది” అంది. ఆ మాట నిజమేనేమో అనిపించింది ఆర్వెల్లాకి. అప్పట్నుంచీ అదే లోపల తొలుస్తోంది.

భోజనాలయ్యాయి. డోయల్ పాట ఎత్తుకున్నాడు. పైకి వెళ్లాల్సిన చోట గొంతు అందలేదు. శ్రుతి తగ్గించి పాడాడు, పాట చప్పబడిపోయింది. ఆమె గిన్నెలు వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“దీని నడక దొరకట్లేదయ్యా. ఎక్కడ ఆగాలో నీకే తెలుస్తున్నట్టు లేదు” అన్నాడు స్టీల్ గిటారు వాయించే ముసలాయన ఓట్మార్.

“ఆర్వెల్లా, ఇలా రా” అని పిలిచాడు డోయల్. “ట్రాక్ పాడి చూపించు వీళ్లకి. తర్వాత నీ గొంతు తీసేసి నేను పాడతాలే.”

చేతులు తుడుచుకుని వచ్చింది. తన శ్రుతిలో పాడింది. పాడుతున్నంతసేపూ కాళ్లూ చేతులూ ఎక్కడున్నాయో ఆమెకి గుర్తులేదు.

కాసేపటికి విట్ ట్రక్కు దిగి తల గోక్కుంటూ వచ్చాడు. “తియ్యడం కుదరదు డోయల్. అందరం ఒక్కచోటే వాయిస్తామంటివి. ఆవిడ గొంతు ఫిడేలు మైకులో ఉంది, డ్రమ్ముల మైకులో ఉంది, ఓట్మార్ మైకులో అయితే ఆయనకన్నా ఆవిడే ఎక్కువుంది. ఒకచోట చెరిపితే ఇంకోచోట వినబడుతుంది.”

“ఎందుకు తియ్యడం, ఉంచెయ్” అన్నాడు ఓట్మార్. “పొద్దున్నుంచి వాయించినదాంట్లో పాటంటూ ఉంటే ఇదే.”

డోయల్ నవ్వాడు. “బాగుంది తాతా. కవరు మీద నా మొహం, లోపల మా ఆవిడ గొంతూనా? కొన్నవాడు తన్నడానికొస్తాడు.”

కుర్రాళ్లు నవ్వారు. ఆర్వెల్లా కూడా నవ్వింది. నవ్వినందుకు ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

ఆమె లేకుండా మళ్లీ వాయించారు. పాట దారి తప్పింది.

“సరే, ఒక పని చెయ్” అన్నాడు డోయల్. “ఇక్కడే నిలబడి పెదాలు కదుపు చాలు, గొంతు రానివ్వకు. వీళ్లు నీ మొహం చూసి వాయిస్తారు, నేను పాడతాను. విట్, ఇందాక ఈవిడ పాడిన టేపు మీదే ఎక్కించెయ్, కొత్త టేపెందుకు దండగ.”

నిలబడింది. శబ్దం లేకుండా పెదాలు కదపడం ఆమెకి కొత్త కాదు. భోజనాల బల్ల దగ్గర చేసింది, లాండ్రీలో మేనేజరు ముందు చేసింది, పాప నిద్రపోతోంది ఆ గొంతేమిటని అత్తగారు కసిరినప్పుడల్లా చేసింది. ఎంత బాగా వచ్చో ఆ విద్య. ఇప్పుడు ఇంకొక్కసారి చేస్తే ఆ టేపు మీద తను పాడింది చెరిగిపోతుంది, అసలు పాడినట్టే ఉండదు. ఫిడేలు కుర్రాడు ఆమె పెదాలకేసి చూస్తున్నాడు. ఓట్మార్ చూస్తున్నాడు. హాలు నిండా మైకులు. ఇందులో ఒక మనిషి గొంతుని విడదీయడం ఎవరి వల్లా కాదు. అలా ఏర్పాటు చేసుకున్నది వీళ్లే, తమ స్వేచ్ఛ కోసం.

డోయల్ ఊపిరి తీసుకునేలోపే ఆమె అందుకుంది. పూర్తి గొంతుతో, తన శ్రుతిలో.

వాయిద్యాలు ఒకటొకటిగా ఆగిపోయాయి. “చెప్పింది వినబడలేదా నీకు?” అన్నాడు డోయల్.

“వినబడింది.” ఆమె గొంతు పెంచలేదు. మైకులన్నీ తెరిచే ఉన్నాయి. “నువ్వెన్నిసార్లు మొదలుపెడితే అన్నిసార్లూ ఇలాగే పాడతాను. నా గొంతు వద్దనుకుంటే, డోయల్, నువ్వు కట్టిన పాట ఏదైనా పాడుకో.”