వేరుశనగ చేను

పెళ్లయిన నలభై నాలుగేళ్లలో ఆర్డిస్ ఎన్నడూ అడగని ప్రశ్న ఆ జూలైలో అడగడం మొదలుపెట్టింది.

"ఏమయ్యా డెల్మర్, ఆ చేలో ఉన్నదేంటి?"

అయోవా దాటకముందే మూడుసార్లు అడిగింది. ఇల్లులాంటి మా పెద్ద బండి, ఆర్వీ, నేనే నడుపుతున్నాను. మొదటిసారి పరాచికమనుకున్నాను. మేము ఇల్లినాయ్ రైతులం. ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోంచేసి, ట్రక్కులో నెమ్మదిగా ఊళ్లోని చేలన్నీ చుట్టి రావడం మాకు అలవాటు. ఎవరి సాళ్లు వంకర పోయాయో, ఎవరు కలుపు వదిలేశారో నాకంటే ముందు ఆమే పట్టేసేది. పక్క చేను చూసి "ఎల్డన్ నిద్రలో విత్తినట్టున్నాడు" అని నవ్వేది. అలాంటి మనిషికి సోయా చేను పేరు నేను చెప్పాలా?

రెండోసారి అడిగినప్పుడు నాకు అర్థమైంది. అర్థమైందనే అనుకున్నాను.

మార్చిలో ఒకరోజు చూసుకోకుండా మా ఇంటి మలుపు దాటి పదకొండు మైళ్లు ముందుకు పోయాను. పక్కనే కూర్చున్న ఆర్డిస్ ఒక్క మాటా అనలేదు. ఎంత దూరం పోతానో చూద్దామని ఊరుకుందని తర్వాత అనిపించింది. ఆ వారమే డెన్వర్‌లో ఉండే మా అమ్మాయి కార్లా వచ్చింది. నేను వంటింట్లోకి వెళ్లగానే తల్లీకూతుళ్ల గుసగుసలు ఆగిపోయాయి. "నాన్నా, అంత పెద్ద బండి నువ్వు నడపగలవా?" అని కార్లా మెత్తగా అడిగింది. మా ప్రయాణం డెన్వర్‌కే. అక్కడ నా చేతిలోంచి బండి తాళాలు తీసుకుంటారు. దారి పొడుగునా నాకు జరుగుతున్నది పరీక్ష.

ఆర్డిస్ ఒళ్లో ఎప్పుడూ ఒక చిన్న పుస్తకం ఉండేది. విత్తనాల కంపెనీవాళ్లు ఏటా రైతులకు ఊరికే ఇచ్చే జేబు పుస్తకం. నేను జవాబు చెప్పగానే అందులో ఏదో రాసుకునేది. నేను తల తిప్పితే చెయ్యి అడ్డం పెట్టేది.

నెబ్రాస్కాలో అడుగుపెట్టిన మధ్యాహ్నం మళ్లీ అడిగింది.

"ఆ పొట్టి పైరేంటయ్యా?"

రోడ్డుకి రెండు వైపులా సోయా. నాకు కసి పుట్టింది.

"వేరుశనగ."

ఆ నేలలో వేరుశనగ అంటే మా ఊళ్లో బడి పిల్లలు కూడా నవ్వుతారు. ఆమె నవ్వుతుందని, "ఓరి నీ తెలివి తెల్లారా" అంటుందని, అప్పుడు అంతా కడిగేద్దామని ఎదురుచూశాను.

"వేరుశనగా," అని మాత్రం అంది. రాసుకుంది. కింద గీత కూడా గీసింది.

నా మీద సాక్ష్యం దొరికిందని సంబరం కాబోలు. ఆ సాయంత్రం ఆమె పెట్టిన శాండ్‌విచ్ సగం వదిలేశాను.

మర్నాడు పొద్దున్నే, రాత్రి బండి ఆపిన క్యాంపులో స్నానాల గదికి ఆమె తువ్వాలు పట్టుకుని వెళ్లగానే పుస్తకం తీశాను. తేదీలుంటాయి, నా తప్పులుంటాయి అనుకున్నాను.

"స్టవ్ మీట ఎడమకి తిప్పితే ఆరుతుంది. మంట చూసి రా."

"కార్లా కొడుకు పేరు వెస్లీ. అడగకు."

"మొక్కజొన్న: మనిషికంటే ఎత్తు, కొసన కుచ్చు."

"డెల్మర్‌కి ఇప్పుడే చెప్పొద్దని కార్లాతో అన్నాను. మర్చిపోకు."

చివర్న, గీత గీసి: "వేరుశనగ: పొట్టి, గుబురు, మూడేసి ఆకులు. డెల్మర్ చెప్పాడు."

పదకొండు మైళ్లు ఆమె ఎందుకు మాట్లాడలేదో అప్పుడు తెలిసింది. పుస్తకం ఎలా ఉందో అలాగే పెట్టి, ఇంజన్ ఆన్ చేసి కూర్చున్నాను.

బయల్దేరి పది నిమిషాలు కాలేదు, ఆర్డిస్ కిటికీలోంచి వేలు చూపించింది.

"అదిగో, వేరుశనగ!"

ఆ గొంతులో ఎన్నో రోజుల తర్వాత విన్న ధైర్యం. ఊరుకుంటే ఊరుకోవచ్చు. కానీ డెన్వర్‌లో కూడా ఆమె సోయాని చూసి ఆ మాటే అంటుంది, కార్లా ముఖం తిప్పుకుంటుంది.

బండి పక్కకి ఆపాను. కాలవ దాటి వెళ్లి ఒక రెమ్మ తెంపుకొచ్చి ఆమె ఒళ్లో పెట్టాను.

"ఇది సోయా, ఆర్డీ. నిన్న తప్పు చెప్పాను."

ఆకు వెనకనున్న నూగుని బొటనవేలితో రుద్దింది. అలా రుద్దడం మా చేలో అలవాటైనదే, వేలికి గుర్తుంది. తర్వాత నన్ను చాలాసేపు చూసింది. ఈసారి నిజంగా పరీక్షే.

"సోయాని పట్టుకుని వేరుశనగన్నావా? నువ్వా?"

"గుర్తు రాలేదు."

"నీక్కూడానా?"

ఈ జవాబుతో నా తాళాలు పోతాయని తెలుసు.

"అవును," అన్నాను.

ఆమె భుజాలు కిందికి దిగాయి. "ముసలోడివైపోయావయ్యా," అంటూ పుస్తకం తీసి, ఇప్పుడు చెయ్యి అడ్డం పెట్టకుండానే, వేరుశనగ కొట్టేసి సోయా అని రాసింది. రెమ్మని ఆ పేజీలోనే పెట్టి మూసింది.

"కార్లాకి చెబుతావా?" అని అడిగాను.

"ఏం చెప్పాలి?" అంది నవ్వుతూ.

అది నా కోసం ఆడిన ఆటో, అప్పుడే మర్చిపోయిందో, ఎంత చూసినా ఆ ముఖంలో దొరకలేదు. అద్దంలో వెనక ఎవరూ రావడం లేదని రెండుసార్లు చూసుకుని బండి రోడ్డెక్కించాను.