ఇద్దరికి సరిపడా ఆకు

బోధన్‌లో మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ వెనక గల్లీలో, మధ్యాహ్నం అన్నాలు కాగానే ఆడవాళ్లంతా వెంకటవ్వ ఇంటి అరుగు మీదికి చేరుతారు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు. చేతులు బీడీలు చుడుతుంటే నోళ్లు ఊరందరి సంగతులూ చుట్టబెడుతుంటాయి. ఫ్యాక్టరీ గొట్టంలోంచి పొగ వచ్చి ఏళ్లయింది. చెరకు పండిన పొలాల్లో ఇప్పుడు వరి ఉంది.

అరుగు మీద స్తంభం పక్క చాప వసంతది. వసంత చనిపోయి ఏడాది కావస్తోంది. మనిషి కనబడదు. చాట మాత్రం ఎవరో ఒళ్లో పెట్టుకున్నట్టు నేలకు జానెడు ఎత్తులో నిలుస్తుంది, ఆకు దానంతటదే చుట్టుకుంటుంది, దారం తిరిగి ముడిపడి పుటుక్కున తెగుతుంది. మధ్యమధ్య దగ్గు వినిపిస్తుంది. పక్కింటి సుకన్య మాట ఆపకుండానే నీళ్ల చెంబు అటు జరుపుతుంది.

సాయంత్రం కట్టలు తీసుకుపోయే భూమేష్ కూడా చాటతోనే మాట్లాడతాడు. "వసంతక్కా, ఇయ్యాల జర వదులుగ చుట్టినవ్. గిట్లయితే కంపెనీల తీసి పారేస్తరు" అంటాడు. బతికున్నప్పుడు వసంత దగ్గర ఆ మాట అంటే దులిపేసేది. ఇప్పుడు ఎదురు మాట రాదు కాబట్టి అతనికి కొంచెం ధైర్యం ఎక్కువైంది.

ఇదంతా వసంత కూతురు నిఖిత పొరపాటు వల్ల మొదలైంది. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి ఊపిరితిత్తులు చెడిపోయి నిజామాబాద్ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ నిఖిత ఆ మంచం పక్కనే ఉంది, డిగ్రీ చివరి పరీక్షలు పోగొట్టుకుంది. తల్లినీ పోగొట్టుకుంది. పదకొండో రోజు అయిన మర్నాడు కత్తెర పట్టుకుని ఆకు కోయడానికి కూర్చుంది. అలవాటు చొప్పున ఇద్దరికి సరిపడా కోసి, సగం తల్లి చాటలో పోసింది. మధ్యాహ్నానికి ఆ ఆకంతా బీడీలై ఉంది. సుకన్య ఒకటి తీసి చూసి, "గిది వసంత ముడే" అని తన పనిలో పడింది.

ఒక్క పని మాత్రం వసంత చేయలేదు. "పోయినోళ్లు ఇనుము ముట్టరు బిడ్డా. ముట్టిండ్రంటే ఇగ మళ్ల రారు" అని నాయనమ్మ వెంకటవ్వ మొదటిరోజే చెప్పింది. అందుకని ఆకు నిఖితే కోసి, కత్తెర తీసుకెళ్లి బియ్యం డబ్బా వెనక దాచి వచ్చేది. కోసిన ఆకు మర్నాటికి ఎండిపోతుంది కాబట్టి ఏ రోజుకారోజు కోయాల్సిందే. ఏడాదిలో ఆ పిల్ల ఇంకో ఇంట్లో ఒక్క రాత్రి పడుకోలేదు. పరీక్షలు మళ్లీ రాసింది కూడా ఊళ్లోనే, పొద్దున్నే ఆకు కోసి పెట్టి, పరుగెత్తి వెళ్లి.

పాసయింది. నిజామాబాద్‌లో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో సీటొచ్చింది. కంఠేశ్వర్ దగ్గర హాస్టల్లో ఉంటున్న స్నేహితురాలు హర్షిణి తన గదిలోనే మంచం పట్టి ఉంచింది. "సోమవారం దాటితే సీటు ఇంకొకలకు ఇచ్చేస్తరే. అస్తున్నవా, లేదా?" అని ఫోన్ మీద ఫోన్. నిఖిత "సూస్తనే" అనేది.

"పో బిడ్డా, ఆకు సుకన్య కోస్తది" అంది వెంకటవ్వ. అదీ చేసి చూశారు. సుకన్య కోసిన ఆకు చాటలో అట్లాగే ఉండిపోయింది. ఒక్కటీ చుట్టుకోలేదు. సాయంత్రం దాకా దగ్గు ఒకటే, ఆ మూల నుంచి ఈ మూలకు, ఇల్లంతా తిరుగుతూ, ఎవరినో వెతుకుతున్నట్టు. నిఖితకు ఆ దగ్గంటే భయం. తల్లి ప్రాణం తీసింది అదే. చచ్చిపోయాక కూడా అమ్మను ఆ తంబాకు దగ్గర కూర్చోబెట్టింది తనే కదా అని కుమిలిపోయేది. కానీ అది ఆగిపోతే ఎట్లా అన్నది అంతకన్నా పెద్ద భయం.

ఆదివారం మధ్యాహ్నం ఆకు కోస్తూ, తల ఎత్తకుండా అంది. "సీటు పోయిందట బాపమ్మా. వేరే పిల్లకిచ్చిండ్రట."

"ఎవలు చెప్పిండ్రు?"

"హర్షిణి."

"హర్షిణి పొద్దుగాల నాకే ఫోన్ చేసింది. నీ మంచం మీద దుప్పటి గూడ పరిచిందట" అంది వెంకటవ్వ.

అరుగు మీద నవ్వులు లేచాయి. నిఖిత ముఖం ఎర్రబడింది. కత్తెర కింద పడేసి లేచింది. "అవును, అబద్ధమే! నేను పోను. నేను పోతే అమ్మకు ఆకు ఎవలు కోస్తరు?"

దగ్గు ఆగింది. వసంత చాట మెల్లగా చాప మీదికి దిగింది. కాసేపటికి, నిఖిత పడేసిన కత్తెర నేల మీద కదిలింది. చుట్టేవాళ్ల చేతులన్నీ ఆగిపోయాయి.

"అమ్మా, ఇనుమే అది! ముట్టకు!" నిఖిత కేక పెట్టి ముందుకు దూకబోతే వెంకటవ్వ మనవరాలి రెక్క పట్టుకుంది. ముసలిది పట్టు వదల్లేదు. "ఆపకు. తల్లి గద, చెయ్యనియ్యి" అంది.

కత్తెర తెరుచుకుంది. తడిగుడ్డలోంచి ఒక ఆకు లేచింది. అందరూ కొలత రేకు పెట్టి కోస్తారు, వసంత కంటి అంచనాతోనే కోసేది. ఎడమ మూల ఎప్పుడూ కాస్త గుండ్రంగా వచ్చేది. ఇప్పుడూ అట్లాగే వచ్చింది. ఆ ఒక్క ఆకే కోసింది. తర్వాత కత్తెరను నిఖిత కాళ్ల దగ్గర నేల మీద పెట్టింది, పిడి కూతురి వైపు తిప్పి. కత్తెర చేతికివ్వకూడదు, కింద పెట్టాలని చిన్నప్పుడు ఆమే నేర్పింది.

నిఖిత దగ్గు కోసం ఎదురుచూసింది. రాలేదు. పొద్దుగూకేదాకా ఆ చాప పక్కనే కూర్చుని ఏడ్చింది. భూమేష్ వచ్చి చాట చూసి, ఉన్న కట్టలు తీసుకుని చెప్పులు చప్పుడు కాకుండా వెళ్లిపోయాడు.

సోమవారం పొద్దున వెంకటవ్వ కత్తెరను పాత గుడ్డలో చుట్టి మనవరాలి సంచిలో పెట్టింది. కొత్త చోటికి పోయే ఆడపిల్ల దగ్గర ఇనుము ఉండాలి, ఉంటే ఏదీ వెంట రాదంటారు. ఇన్నాళ్లూ నిఖిత ఆ మాటంటేనే కసురుకునేది. ఇవాళ సంచి నోరు తనే బిగించి నిజామాబాద్ బస్సెక్కింది.

హాస్టల్లో సామాన్లు సర్దుతూ హర్షిణి గుడ్డ విప్పి చూసింది. "గీ కత్తెరేందే? ఎవలిచ్చిండ్రు?"

"అమ్మ" అంది నిఖిత.

హర్షిణి తలూపి దాన్ని కిటికీ దగ్గర పెట్టింది. అంతలో పక్క గదిలో ఎవరో దగ్గారు. నిఖిత ఉలిక్కిపడి చెవి ఒగ్గింది. అమ్మ దగ్గు కాదు. ఎవరో పిల్ల, జలుబు చేసినట్టుంది. ఆమె నీళ్ల సీసా తీసుకుని వెళ్లి ఆ తలుపు తట్టింది.