నాలుగోవాడు

మోచేతుల దాకా సుద్ద పూసుకుని, గోళ్ల సందుల్లో మురికిని పుల్లతో గీకి తీసుకుంటున్నాడు హేగియాస్. రాణిగారి చేతులు తెల్లగా ఉండాలి మరి. ఏడాది పొడవునా తొట్టిలో దిగి ఉన్నిబట్టలు తొక్కి, గంధకం పొగ వేసి, ఏథెన్సులో సగం మంది బట్టలు తెల్లబరిచే మనిషి, తన ఒంటిని తెల్లబరుచుకునేది మాత్రం వసంతంలో నాటకాలాడే డయొనైసస్ దేవుడి ఉత్సవానికే.

"ఏం మామా, ఈ ఏడు ఎవరివై చస్తున్నావు?" అంటూ రంగస్థలం వెనక కొయ్యపాకలోకి తల దూర్చాడు ద్రాకిస్. అతను కుండలు చేసుకునేవాడు. నాటకంలో ఊరి ముసలివాళ్లుగా పాడే పదిహేనుమందికీ ఈసారి పెద్ద అతనే.

"రాణిని."

"పోయినేడు రాజువి కదూ? మొగుడి వెనకే పోతున్నావన్నమాట. పతివ్రతవే."

హేగియాస్ నవ్వబోయాడు. నవ్వు కాస్తా దగ్గయింది, దగ్గు తెరయింది. నడుం పట్టుకుని కూలబడ్డాడు. ద్రాకిస్ మొహంలో వేళాకోళం పోయింది.

"శవమై బల్ల మీద పడుకుని ఇలా దగ్గితే మన కొంప మునుగుతుంది మామా. చలికాలమంతా గొంతులు చించుకున్నాం. జనం ఒక్కసారి నవ్వారంటే అంతా మన ఇలిసోస్ ఏటి పాలే. ఇంకెవరినన్నా పడుకోబెడదాం."

"ఈ ఒక్కసారికీ పడుకోనీరా."

ద్రాకిస్ కింద పడ్డ పుల్ల తీసి అతని చేతికిచ్చాడు.

అక్కడి నాటకాల్లో చంపడం లోపల, ఏడవడం బయట. జనం కళ్లముందు ఎవరూ చావరు. మాట్లాడే నటులు కూడా ముగ్గురే. రాణి లోపల ఉరి పోసుకోగానే, ఆ వేషం వేసినవాడే గబగబా నౌకరుగా మారి ఆ కబురు చెప్పడానికి బయటికి పరుగెత్తాలి. మరి చక్రాల బల్ల మీద శవమై వచ్చేదెవరు? అందుకు నోరు మెదపనక్కర్లేని నాలుగోవాడు కావాలి. ముగ్గురు చాలని నియమం పెట్టిన మహానుభావుడెవరో గానీ, వాడి కడుపు చల్లగా ఉండాలని హేగియాస్ ఎన్నిసార్లు అనుకున్నాడో.

మహమ్మారి వచ్చిన ఏడు అతని భార్య, కూతురు ఒకరి వెంట ఒకరు పోయారు. అప్పుడు ఊళ్లో ఎవరికీ ఏడ్చే ఓపిక లేదు. ఎవరిదో చితి మండుతుంటే, ఇద్దర్నీ దాని మీద పెట్టి ఇంటికొచ్చాడు. వాళ్లకోసం ఒక్క శోకం లేదు, ఒక్క పాట లేదు. ఆ తర్వాతి వసంతంలో మొదటిసారి శవంగా పడుకున్నప్పుడు, పదిహేనుమంది మగవాళ్లు గుండెలు బాదుకుంటూ తన చుట్టూ ఏడ్చారు. ఆ ఏడుపు వాళ్లిద్దరికీ చేరుతోందని అతనికి గట్టిగా అనిపించింది. అప్పట్నించీ ఏటా పడుకుంటున్నాడు.

నాటకం సగంలో రాణి వేషగాడు లోపలికి ఉరికి వచ్చాడు. అతను ముఖం తొడుగు లాగేయగానే, చెమటతో వెచ్చగా ఉన్న దాన్ని హేగియాస్ పెట్టుకున్నాడు. కుంకుమపువ్వు రంగు అంగీలో దూరి బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు. కబురు చెప్పడం అయ్యాక తలుపులు తెరుచుకుని చక్రాలు గడగడమన్నాయి. కళ్ల కంతల్లోంచి ఆకాశం కనిపించింది. ఇన్నేళ్లలో అతను చూసిన నాటకమంతా ఆ ముక్క ఆకాశమే.

రాజు విలాపం మొదలైంది. నాలుగు మాటలు అయ్యాయో లేదో, రొమ్ములో గరగర మొదలైంది. హేగియాస్ నాలుక కొరుక్కున్నాడు, ఊపిరి బిగబట్టాడు. అయినా ఆగలేదు. రాణిగారు ఖంగుమని దగ్గారు.

కొండవాలు మీద వరసలుగా కూర్చున్న జనం తలలెత్తి చూశారు. పై వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"అయ్యో, అయ్యయ్యో!"

ద్రాకిస్ గొంతు. రాజు మాటలు పూర్తయ్యాక ఎత్తుకోవలసిన శోకం అది. మిగతా పద్నాలుగుమందీ ఎందుకని అడగలేదు, అందుకున్నారు. జంట సన్నాయిలవాడు తడబడి వాళ్ల వెంటపడ్డాడు. నేర్పిన చోట్లు వదిలేసి అందరూ బల్ల చుట్టూ మూగారు, అదిరిపడుతున్న ఒళ్లు కనబడకుండా అంగీలు అడ్డం పెట్టి గుండెలు బాదుకున్నారు. ఆ ఏడుపు మాటున హేగియాస్ తృప్తిగా దగ్గుకున్నాడు. తర్వాత తనూ ఏడ్చాడు. వరసల్లో కూర్చున్నవాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారు.

పాకలోకి వచ్చాక ద్రాకిస్ తర్వాతి ఆటకి గుర్రపుతోక కట్టుకుంటున్నాడు. విషాదాలయ్యాక ఆ పదిహేనుమందే తోకలు, చప్పిడిముక్కు తొడుగులు కట్టుకుని జనాన్ని నవ్వించాలి.

"ముందే ఎత్తుకున్నావేంరా?" అన్నాడు హేగియాస్.

"పాట మర్చిపోయా మామా."

"అబద్ధాలకోరు." అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఇంత బాగా ఎప్పుడూ ఏడవలేదురా మీరు. మా ఆడవాళ్లు తప్పకుండా వినుంటారు. మీరు చల్లగా ఉండాలి."

ద్రాకిస్‌ తోక ముడి బిగించుకున్నాడు. "చచ్చినవాడికి ఇన్ని మాటలేంటి, పడుకో," అని వెళ్లిపోయాడు.

హేగియాస్ ఆ బల్ల మీదే ఒత్తిగిలి పడుకున్నాడు. బయట జనం విరగబడి నవ్వుతున్నారు. ఆ నవ్వు వింటూ కళ్లు మూసుకున్నాడు.

ఆట ముగించుకుని అందరూ కేకలేసుకుంటూ లోపలికొచ్చారు. "మామా, లే. అంగీ ఇచ్చెయ్యాలి," అని ద్రాకిస్ భుజం తట్టాడు. మళ్లీ తట్టాడు. తర్వాత చెయ్యి తీయకుండా అలాగే నిలబడ్డాడు.

చప్పిడిముక్కు తొడుగులు నుదుటి మీదికి నెట్టుకుని, తోకలతోనే అందరూ చుట్టూ చేరారు. ఈసారి సన్నాయి లేదు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, మెల్లగా ఏడ్చారు. బట్టలు కుట్టేవాడి కత్తెర అడిగి తీసుకుని ద్రాకిస్ తన జుట్టు పాయలు కత్తిరించి హేగియాస్ చేతిలో పెట్టాడు, తండ్రి పోతే కొడుకు పెట్టినట్టు. చీకటి పడకముందే భుజాల మీద మోసుకుపోయారు.

ఎత్తేటప్పుడు ఆ వేళ్ల సందునించి జారిన నల్లటి పాయ ఒకటి, కుమ్మరి మట్టి అంటుకుని, బల్ల చెక్కల మధ్య ఉండిపోయింది.